బండ మీద పాశం, భుజాన పెద్ద కెమెరా

నా టీలో చక్కెర వద్దని చెప్పండప్పా. బెల్లం టీ అయితే అసలే వద్దు. షుగరొచ్చిందా అని అడగొద్దండి, షుగరూ లేదు, బీపీ లేదు. పొద్దున మా మామ దగ్గర్నుంచి ఫోనొచ్చింది, అంతే. ఆయనేమన్నాడో చెప్పాలంటే ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పాల. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. ధర్మవరంలో ముక్కూమొగం తెలియనోళ్లు గూడా నవ్వుతాండారు, మీకేం తక్కువ.

నా సంగతి మీకు తెలియంది కాదు. రెండు దార్లు కనపడితే చాలు, నేను కాలుగాలిన పిల్లినైపోతా. హోటల్‌కు పోతే ఇడ్లీ అంటా, వాడు తెచ్చేలోపల దోసె అంటా, దోసె వచ్చినాక పక్కనోడి ప్లేటులో ఉగ్గాని చూసి కుమిలిపోతా. అట్లాంటోడి ఇంటికి రెండు కెమెరాలొచ్చినాయి.

మొదటిది చిన్నది, జోబులో పట్టేది. పోయినేడాది బెంగళూరుకు పెళ్లికి పోయినప్పుడు నా భార్య సరోజ ముచ్చటపడి కొనిపించింది. బటన్ నొక్కితే ముక్కు బయట పెడుతుంది, ఇంకోసారి నొక్కితే లోపలికి ముడుచుకుంటుంది. సప్పుడు చెయ్యదు. దాని జబ్బేమంటే, మనం నొక్కినాక అది కాసేపు ఆలోచించుకోని అప్పుడు తీస్తుంది. మనిషి నవ్వినప్పుడు నొక్కితే నవ్వు అయిపోయినాక తీస్తుంది. ఎండలో దాని తెర మీద మన మొగమే కనపడుతుంది గానీ, ఎదర ఉండేది కనపడదు. మన అనంతపురంలో ఎండ లేని పూట యాడుంది?

రెండోది పెద్దది, డీఎస్సెల్లార్. ధర్మవరంలో స్టూడియో పెట్టుకున్న బాషా మీకు తెలుసు గదా, వాడు కొత్తది తెచ్చుకోని పాతదాన్ని నా చేతిలో పెట్టినాడు. కొన్నాళ్లు వాడి చూసి నచ్చితే పెట్టుకోమన్నాడు. రాయి మాదిరి బరువు. మూలలు అరిగి తెల్లబడినాయి. తీసే ముందు తెర మీద ఏమీ కనపడదు, చిన్న కిటికీలో కన్ను పెట్టి చూసుకోవాల్సిందే. కానీ నొక్కినామా, టక్‌మని ఆ నిమిషానే తీస్తుంది. ఆ టక్ అనే సప్పుడుంది చూడండి, దానికి నేను పడిపోయినా. ఫోటో అవసరం లేకపోయినా ఆ సప్పుడు కోసం సోఫాలో కూర్చోని నొక్కుతా ఉండేవాణ్ని.

"అన్నా, ఇది పాతదే. అయితే దీన్ని భుజాన తగిలించుకుంటే జనం పక్కకు జరిగి దారిస్తారు. చిన్నదానికి ఆ యోగం లేదు" అన్నాడు బాషా. ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు కూర్చుండిపోయింది.

సరోజ లెక్క వేరే. మాది దూరపు మేనరికం, అందుకే నన్ను బావా అంటుంది, అనాల్సినవన్నీ అంటుంది.

"చిన్నదాని మీద ఏడు మెగాపిక్సెల్ అని రాసుండాది. ఈ రుబ్బురోలు మీద ఆరే ఉండాయి. ఏడు పెద్దదా, ఆరు పెద్దదా బావా?"

"అట్ల కాదే, లెన్సు ముఖ్యం."

"లెన్సు ముఖ్యమైతే డబ్బా మీద అదే రాసుండొచ్చు గదా."

బాషాకు ఫోన్ చేసి కనుక్కొని వచ్చేలోపల ఆమె నిద్రపోయింది.

ఇట్లుండగా మా మామ ఫోన్ చేసినాడు. మామ ఓబుళప్పది బత్తలపల్లె దాటినాక లోపలికి పోయే ఊరు. ఊరంతా చెనిక్కాయ, అదే వేరుశెనగ, వేసినారు. మొదట్లో వాన పదును బాగానే పడింది, చెట్టు లేచింది, పూత పట్టింది. సరిగ్గా ఊడలు భూమిలోకి దిగే టయానికి వానలు నిలిచి బెట్ట పట్టింది. మీలో చేను ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊడ దిగకపోతే చెట్టు పశువుల మేతకే పనికొస్తుంది, కాయ అనేది ఉండదు.

"అల్లుడా, ఈ సోమవారం గుట్ట మీద వరద పాశం పెడతాండాము. సరోజను తీసుకోని రా. నీ కాడ కెమెరా ఉండాదంట గదా, అది గూడా తెచ్చుకో" అన్నాడు.

వరద పాశం చూడనోళ్లకు చెప్తాను. వాన రాకపోతే మా అత్తగారి ఊర్లో గుట్టెక్కి, కొత్త బియ్యం, పెసరబేడలు, పాలు, బెల్లం వేసి పాశం, అంటే పాయసం, వండుతారు. ఆకుల్లో పెట్టరు. పరుపు బండ కడిగి, దాని మీద పోస్తారు. ఊరి పెద్దరికాలన్నీ పక్కన పెట్టి అందరూ మోకాళ్ల మీద వంగి, చేతులు వెనక్కి కట్టుకోని, నోటితోనే నాకాల. నోరులేని జీవాల మాదిరి అయిపోయినామయ్యా, దయ చూడమని దేవుణ్ని అడగడం అన్నమాట. పూజారి గోవిందా అనేదాకా ఎవరూ తల ఎత్తగూడదు, నోరు విప్పగూడదు. తల ఎత్తితే పాశం చెడుతుంది. చెడితే వాన రాదు.

"మా నాయన కాలంలో ఎన్నిసార్లు పెట్టినారో. ఒక్క ఫోటో ల్యా. ఊరంతా తల వంచిన ఫోటో ఒకటి నా పడసాలలో ఉండాల. గోడకు మేకు గూడా కొట్టినాను" అన్నాడు మామ.

పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను అడిగింది ఇదొక్కటే. పండగకు ఇది కావాల అది కావాల అని నేను అడిగినవి వేరే ఉన్నాయి, వాటిని వదిలెయ్యండి.

ఇంక నాకు నిద్ర పట్టిందా? ఏ కెమెరా తీసుకుపోవాల? చిన్నది పెడితే పెద్దది నా దిక్కు చూసినట్టుంటుంది. పెద్దది పెడితే బరువు, దుమ్ము, దాని బ్యాటరీ ముసలిది, ఎప్పుడు కన్ను మూస్తుందో తెలియదు. రెండూ తీసుకుపోవచ్చు గదా అంటారేమో. రెండూ ఉంటే ఆడికి పోయినాక మళ్లీ దేంతో తియ్యాలని గుట్ట మీద నిలబడి ఆలోచిస్తాను గదా, నా సంగతి నాకు తెలియదా. ఒకటే తీసుకుపోవాలని పట్టు పట్టినా. సరోజ చూసి చూసి "పెండ్లికూతురి చీరకు గూడా ఇంత చూడరు బావా" అనింది.

ఆఖరికి చిన్నదాన్నే జోబులో పెట్టుకోని బయల్దేరినా. బస్టాండులో బస్సెక్కినాం. కిటికీ పక్క సీటు గూడా దొరికింది. కండక్టరు ఇంకా ఎక్కలేదు. అప్పుడు బాషా మాట గుర్తుకొచ్చింది. ఊరందరి ముందర, ఓబుళప్ప అల్లుడు సబ్బుబిళ్ల పట్టుకోని నిలబడితే ఏం బాగుంటుంది? మామ ఏదో పెద్ద ఫోటో అనుకోని మేకు గూడా కొట్టినాడు. నేను లేచినా.

"ఇప్పుడే వస్తా" అన్నా.

"యాడికి?" అనింది సరోజ.

"ఇంటికి."

సరోజ చెయ్యి చాపింది, అంతే. చిన్న కెమెరాను ఆమె చేతిలో పెట్టి ఆటో పట్టుకోని ఇంటికి పోయి పెద్దదాన్ని భుజాన వేసుకోని వచ్చినా. బస్సు పోయింది. సరోజ బస్టాండు బెంచీ మీద సంచితో కూర్చోనుంది. చిన్నదాన్ని ఆమె తన హ్యాండ్‌బ్యాగులో వేసుకునింది. అది నేను చూసినా, పట్టించుకోలేదు. ఆ బ్యాగే నా కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఊర్లో ఆటో దిగినామో లేదో, బాషా చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమైంది. జనం పక్కకు జరిగి దారిచ్చినారు. దారిచ్చి ఊరుకుంటే బాగుండేది. మామ పక్క చేను పెద్దన్న నన్ను ఎన్నో ఏండ్లుగా చూస్తాండే మనిషి. ఆయన నా మొగం చూడలేదు, కెమెరాను చూసినాడు. గబగబా చేన్లోకి పోయి రెండు ఎండిన చెట్లు పీక్కోని వచ్చి నా ముందర నిలబడినాడు.

"ఆకాశం దిక్కు చూడమంటావా, నేల దిక్కు చూడమంటావా?" అన్నాడు.

"ఏంది పెద్దన్నా?"

"కరువు ఫోటోనే గదప్పా. పోయిన తూరి వచ్చినోళ్లు ఆకాశం దిక్కు చూడమన్నారు. అంతకు ముందు వచ్చినోళ్లు నేల దిక్కు చూడమన్నారు. నువ్వు ఏ పేపరు?"

చెప్తే నమ్మరు, ఆయన చెయ్యి అప్పటికే నుదుటి మీదకు పోయింది. ఇంకో పక్క ఆడోళ్లు ఖాళీ బిందెలు తెచ్చి బోరింగు కాడ వరసగా పెడతాండారు. బోరింగులో నీళ్లు వస్తాండాయి, అయినా బిందెలు ఖాళీగానే పెట్టినారు. పాపం, వాళ్ల తప్పేముంది? ఏటా పెద్ద కెమెరాలు దిగుతాయి, ఏటా వీళ్లు నిలబడతారు. కెమెరా భుజాన ఉండేవాడు ఏం అడుగుతాడో వాళ్లకు కంఠతా వచ్చేసింది.

"ఈయన పేపరోడు కాదు, మా అల్లుడు" అని మామ గట్టిగా చెప్పినాడు.

"అల్లుడు పేపర్లో చేరినాడంట" అని వెనకాల ఎవరో ఇంకొకరికి చెప్పినారు. నేను కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. నిజం చెప్తే ఏమి, నాకు బాగుండింది. ఛాతీ ఒక అంగుళం ముందుకొచ్చింది.

గుట్టెక్కినాం. పైన మబ్బులు కూడా చేరుకుంటాండాయి. పాశం పెట్టే పూజారి సుంకన్న బండ కడిగించి, సట్టిలోంచి పాశం పోసి, గరిటెతో పలచగా పరిచినాడు. మామ నా పక్కకొచ్చి చెవిలో చెప్పినాడు.

"సుంకన్న గోవిందా అనకముందే, అందరూ తల వంచింటారే, అప్పుడొకటి. ఒకటి చాలు అల్లుడా."

ఒకటి చాలు అన్నాడు. నేను తలూపినా. పక్కనుండే రాతి మీదకెక్కి కన్ను కిటికీలో పెట్టినా. ఊరు ఊరంతా వంగింది. మామ వంగినాడు, పెద్దన్న వంగినాడు, కర్ర లేకుండా నడవలేని నారాయణమ్మవ్వ కూడా మోకాళ్ల మీదికి వచ్చి వంగింది. చేతులన్నీ వెనకాల. ఒక్క మాట లేదు. గాలి సప్పుడు, నాలుకల సప్పుడు, అంతే. నిజంగా నాకు ఒళ్లు జలదరించింది. ఇట్లాంటి ఫోటో మళ్లీ దొరకదు అనుకోని నొక్కినా.

టక్.

సోఫాలో విన్నప్పుడు ఆ సప్పుడు చిన్నగానే ఉండేది. ఆ గుట్ట మీద, అంత నిశ్శబ్దంలో, తుపాకీ పేలినట్టు వినపడింది. మొదట నారాయణమ్మవ్వ తల ఎత్తింది. ముక్కు కొన మీద పెసరబేడ.

"అయిందా నాయనా?" అనింది.

ఆమె ఎత్తిందని పక్కనోళ్లు ఎత్తినారు. వాళ్లు ఎత్తినారని వెనకోళ్లు ఎత్తినారు. ఒకాయన మూతి తుడుచుకోని, జోబులోంచి దువ్వెన తీసినాడు. "నేను కండ్లు మూసుకున్నట్టుండాను, ఇంకోటి తియ్యప్పా" అన్నాడొకాయన. పెద్దన్న అయితే ఇంక ఆగలేదు. లేచి నిలబడి, నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆకాశం దిక్కు చూసినాడు.

అప్పుడన్నా నేను గమ్మున దిగిపోయింటే సరిపోయేది. నా చెయ్యి ఊరకుంటుందా? "అట్ల కాదు, అందరూ తలలు వంచండి, ఇంకోసారి" అని అరిచినా. టక్. "అవ్వా, నా దిక్కు చూడొద్దు." టక్. "పెద్దన్నా, కూర్చో." టక్. సుంకన్న రెండు చేతులూ పైకెత్తి "దించండ్రా తలకాయలు" అని అరుస్తాండాడు. మాట్లాడగూడదని చెప్పాల్సినోడే మాట్లాడేసరికి, ఇంక అందరూ మాట్లాడినారు. ఎవరు ముందు తల ఎత్తినారనే దాని మీద రెండు ఇండ్లోళ్లు పాత పొలం గట్టు తగాదా దాకా పోయినారు.

ఈ గొడవలో బండను చూసేవాళ్లు లేరు. గుట్ట వెనక మేస్తాండిన గొర్రెల మంద వచ్చేసింది. వాసనకు వచ్చినట్టుండాయి. కాపరి కింద నుంచి ఈలలేస్తాండాడు, అవి వింటేనా? బండ చుట్టూ చేరి, తలలు వంచి, నాకడం మొదలుపెట్టినాయి. ఎంత క్రమశిక్షణ అంటే, ఒక్కటి కూడా తల ఎత్తలేదు. నేను టక్‌మని నొక్కినా, ఎత్తలేదు.

సుంకన్న గోవిందా అనలేదు. అనడానికి పాశం మిగల్లేదు. అందరూ దిగుతా ఉంటే, మామకు ఏదో ఒకటి చూపించాల గదా అని వెనకాల తెరలో ఫోటోలు తిప్పినా. మొదటిది నా కన్ను కిటికీకి ఆనుకున్నప్పుడు చెయ్యి అదిరిందేమో, మసకమసకగా ఉంది. మిగతావాటిలో ఒకటి మూతి తుడుచుకునేది, ఒకటి దువ్వెన, ఒకటి పెద్దన్నది. ఒక్కటి మాత్రం అద్దం మాదిరి స్పష్టంగా వచ్చింది. అన్ని తలలూ వంచినవే. గొర్రెలు.

మామ ఆ చిన్న తెర మీదకు వంగి చానాసేపు చూసినాడు.

"గొర్రెలకుండే బుద్ధి గూడా మనకు లేకపాయె" అన్నాడు. నన్ననలేదు, మనకు అన్నాడు. నన్నే అనుంటే బాగుండేది.

సాయంత్రానికి మబ్బులు విడిపోయినాయి. నారాయణమ్మవ్వ అరుగు మీద కూర్చోని, "పాశం చెడింది. మూతిలోకి వచ్చిన వానను ఈ పిల్లోడు టక్‌మనిపించి తోలేసినాడు" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఇంకో వార్త. కణేకల్ కాడ వాన దంచిందంట. "ఆడ కాలువ నీళ్లుండాయి, వాన గూడా ఆడనే" అన్నాడు పెద్దన్న నా మొగంలోకి చూసి. కణేకల్‌కు వానను నేనే ఆటో ఎక్కించి పంపినట్టు చూసినాడు.

మామ సంగటి తింటా ఉన్నాడు. ఆయనకెదురుగా గోడ. గోడకు మేకు. నమ్మకాలు, వాన, సైన్సు అని నేను మీతో ఎన్నిసార్లు వాదించలేదు? ఆడ అవేవీ గుర్తుకు రాలేదు. ఆ మనిషి చేను ఎండిపోతాంది, ఆయన చేతిలో ఉన్నదల్లా తల వంచడం ఒక్కటే, దాన్ని గూడా నేను చెడగొట్టినా. సిగ్గనిపించింది.

ఇంతలో సుంకన్న వచ్చినాడు. అరుగు మీద కూర్చోని, తీర్పు చెప్పినట్టు చెప్పినాడు. "చెడగొట్టినోడే తీర్చాల. మా తాత చెప్పేవాడు. వచ్చే సోమవారం మళ్లీ పాశం పెడతాము. ఈసారి ఊరంతా వద్దు. అల్లుడు ఒక్కడే వంగుతాడు."

"ఒక్కణ్నేనా? బండంతా?" అన్నా.

"బండంతా ఏమీ వద్దులే. సట్టి నిండా చాలు."

మామ దిక్కు చూసినా. కాదంటాడేమోనని. మామ మేకు దిక్కు చూస్తాండాడు.

అనంతపురానికి వచ్చినాక ఆ వారమంతా నేను పడిన బాధ మీకెవరికీ చెప్పలేదు. పోవాలా, వద్దా? జ్వరమని చెప్దామా? ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ అని చెప్దామా? వంటింట్లోకి పోతా, బయటికొస్తా, మళ్లీ పోతా. సరోజ గరిటె పక్కన పెట్టి ఒక్కటే అడిగింది. "మా నాయన చేను కంటే నీ మర్యాద ఎక్కువనా బావా?"

పోయినా. కెమెరా ముట్టలేదు. పెద్దదీ ముట్టలేదు, చిన్నదీ ముట్టలేదు. నా జన్మలో రెండిట్లో ఏది అనే ప్రశ్న లేకుండా ఇంట్లోంచి బయటపడింది అదొక్కరోజే.

గుట్ట మీద ఊరంతా ఉంది. వంగేవాణ్ని నేనొక్కణ్ని, చూసేవాళ్లు అందరూ. సుంకన్న సట్టి వంచినాడు. నేను మోకాళ్ల మీద కూర్చోని, చేతులు వెనక్కి కట్టుకోని, తల దించినా. బండ సుర్రుమని కాలుతాంది. మొదట రెండు మూడు సార్లు నాకేదాకా బాగానే ఉండింది. బెల్లం బాగానే వేసినారు, బేడలు కూడా బాగా ఉడికినాయి. తర్వాత మొదలైంది కష్టం. తిండి కాదప్పా కష్టం. చేతులు ఊరకుండటం కష్టం. ముక్కు మీద ఈగ వాలింది. చెవి వెనక చెమట కారతాంది. మోకాలి కింద చిన్న గులకరాయి. నా చేతులు పుట్టినప్పటి నుంచి అంతసేపు ఊరకున్నది లేదు. తల ఎత్తితే మళ్లీ చెడుతుంది, మళ్లీ వచ్చే సోమవారం, మళ్లీ సట్టి. ఆ భయంతోనే వంగి ఉన్నా.

"ఆ మూల మిగిలుండాది చూడు" అని నారాయణమ్మవ్వ పైనుంచి చెప్తాంది. ఆమెకు మాట్లాడే హక్కు ఉందంట, వంగినోడికే లేదంట. నేను మోకాళ్ల మీద జరుక్కుంటా ఆ మూలకు పోయినా. "ఇంకో గరిటె ఎయ్ సుంకన్నా, పిల్లోడు బాగానే లాగిస్తాండాడు" అనింది. వేసినాడు. నిజంగా వేసినాడు.

వెనకాల ఏదో గుసగుస వినపడింది. సరోజ గొంతు. "అది కాదు నాయనా, ఈ పక్కకు తిప్పు... ఆ, ఈడ నొక్కు." నాకేమీ అర్థం కాలేదు. తల ఎత్తేదానికి లేదు గదా. టక్‌మని సప్పుడు వచ్చింటే తెలిసేది. ఏ సప్పుడూ రాలేదు.

ఆఖరికి సుంకన్న గోవిందా అన్నాడు. ఊరంతా గోవిందా అనింది. నేను లేవలేకపోతే పెద్దన్న చెయ్యిచ్చి లేపినాడు. పైకి చూసినా. ఎండ. మబ్బు తునక గూడా లేదు. గుట్ట దిగినాం, బస్సెక్కినాం. దారి పొడుగునా కిటికీలోంచి ఆకాశం దిక్కే చూసినా. ఎవరన్నా పేపరోడు చూసింటే నన్నే ఫోటో తీసుండేవాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఫోన్ మోగింది. మామ నెంబరు. "మామా, మామా" అన్నా. ఆయన పలకలేదు. ఒకటే హోరు. లైను బాగలేదేమో అనుకున్నా. కాసేపటికి అర్థమైంది. ఆయన ఫోనును పశువుల కొట్టం రేకుల కింద పట్టినాడు. రేకుల మీద వాన. సరోజను పిలిచి, ఫోను దాని చెవికి పెట్టినా. ఆమె విని, కొంగుతో కండ్లొత్తుకుని, "ఊడలు దిగుతాయి" అనింది. పాశంతో వచ్చిందా, వచ్చేదుండి వచ్చిందా అని నన్ను అడగొద్దండి. వచ్చింది. నాకు అది చాలు.

కథ ఆడికి అయిపోయింటే నేను చక్కెర వేసుకునే టీ తాగేవాణ్ని.

వాన పడినాక ఓళిగలు తినేదానికి రమ్మని పిలిచినారు. పడసాలలో అడుగు పెట్టినా. మేకుకు ఫోటో వేలాడతాంది. ఫ్రేము కట్టించి, పూలదండ ఒక్కటి తక్కువ. దాంట్లో నేను. మోకాళ్ల మీద. చేతులు వెనక్కి. మొగం బండకు ఆనించి, ఎడమ బుగ్గ మీద మెతుకులు. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మెతుకులు లెక్క పెట్టుకోవచ్చు. సరోజ బ్యాగులో ఉండిపోయిన చిన్న కెమెరాతో మామ తీసినాడు. మొదట తిప్పి పట్టుకోని సొంత మీసాన్ని తీసుకున్నాడంట, రెండోది ఇది.

"ఊరంతా తల వంచిన ఫోటో కావాలంటివి గదా మామా" అన్నా.

"ఊరి బదులు నువ్వు వంచితివి గదప్పా. ఇదే మేలు" అన్నాడు. వెంటనే "మొగం గూడా కనపడకుండా బాగా వచ్చినావు" అన్నాడు.

ఆ ఫోటో కడిగించింది యాడ? బాషా స్టూడియోలో. పెద్ద కెమెరా తిరిగిచ్చేద్దామని ధర్మవరం పోతే, వాడి షాపు అద్దంలో, పట్టుచీరల పెండ్లికూతుర్ల మధ్యన, నేను. బండ నాకుతా.

"అన్నా, ఏం షార్పు, ఏం కలరు" అన్నాడు బాషా. "నేను తప్పు చెప్పినాను. నీకు చిన్నదే మేలు."

ఇంక పొద్దున వచ్చిన ఫోను. మళ్లీ బెట్ట పట్టిందంట. ఊడలు దిగినాయి, ఇప్పుడు కాయ ఊరేదానికి ఇంకో పదును కావాల. సోమవారం పాశం పెడతాండారంట. పక్క ఊరోళ్లు గూడా వచ్చి, మీ అల్లుడు మంగళవారం ఖాళీగుంటాడా అని అడిగి పోయినారంట.

అలవాటు పోదు గదా, అడిగేసినా. "మామా, పెద్ద కెమెరా తెమ్మంటావా, చిన్నది తెమ్మంటావా?"

"కెమెరా సంగతి మేము చూసుకుంటాములే అల్లుడా" అన్నాడు మామ. "నువ్వు పొద్దున ఏమీ తినకుండా రా."